ఫిడేలు పుట్టిల్లు

మస్తాన్ సాయిబు పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నలభయ్యో రోజు ఫాతెహా కూడా అయిపోయాక, ఒక ఆదివారం పొద్దున తిరుపతిలో బస్సెక్కి చిత్తూరు వెళ్లాను. ఆయన ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరున్న బ్యాండుమేళం మాస్టరు. వీధి గుర్తు పట్టలేనంతగా మారింది గానీ ఇల్లు అదే. ముందుగదిలో గోడకు వేలాడే ఇత్తడి వాయిద్యాలు లేవు, వాటి చోట మనిషెత్తు సౌండు బాక్సులు నిలబడి ఉన్నాయి. ఆయన కొడుకు రహీం కుర్చీ తుడిచి వేశాడు. వాడికీ తల నెరిసింది. కాసేపు తండ్రి ఆఖరి రోజుల గురించి చెప్పి, లోపలికి వెళ్లి ఒక సన్నటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సామి పుస్తకం సామి బిడ్డకే చేరాల అని అబ్బాజాన్ సెప్పినాడక్కా" అన్నాడు. సామి అంటే మా నాయన.

ముదురాకుపచ్చ అట్ట. వీపు మీద మా అమ్మ గంజితో అంటించిన గుడ్డముక్క అలాగే ఉంది. తెరిస్తే పాత కాగితం వాసనతో పాటు ఇత్తడి తోమే పాలిషు వాసన వచ్చింది. ఇంగ్లీషు అచ్చు పక్కన అంచుల్లో నాయన ఏటవాలు అక్షరాల్లో స్వరాలు. పడమటి దేశాల సంగీత చరిత్రను ఇంగ్లండులో బడిపిల్లల కోసం రాసిన పుస్తకం అది. ఒక వేసవి అంతా మా ఇల్లు ఆ పుస్తకం చుట్టూ తిరిగింది.

మా నాయన తిరుపతిలో ఒక సంగీత కళాశాలలో ఫిడేలు పంతులు. మా తాతలు గుడికి పూలమాలలు కట్టే కైంకర్యం చేసినవాళ్లు. నాయన ఒక్కడే దారి తప్పి, కార్వేటినగరంలో ఒక ముసలి విద్వాంసుడి ఇంట్లో నీళ్లు తోడి, బట్టలు ఉతికి, ఫిడేలు నేర్చుకున్నాడు. డిగ్రీలు లేవు. తెల్లవారి కాఫీ డికాషన్ వాసనకు ముందే మా ఇంట్లో రోజిన్ వాసన లేచేది. కమాను వెంట్రుకలకు ఆ జిగురు బిళ్ల రుద్దుతూ నాయన ఎవరితోనూ మాట్లాడడు. ఆ తర్వాత ఎడమచేతి వేళ్ల కొనలకు ఒక్క చుక్క కొబ్బరినూనె. చాప మీద కూర్చుని, ఫిడేలు తలను కుడికాలి మడమ మీద ఆనించి, కళ్లు మూసుకుని మొదలుపెడితే, అమ్మ వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా దించేది. ఆవిడకు సంగీతం మీద భక్తి కాదు, మధ్యలో ఆపితే ఆయన మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటాడని భయం.

ఆ వేసవి సెలవుల ముందు ప్రిన్సిపాలు నాయనను పిలిచి, వచ్చే ఏడాది నుంచి పడమటి సంగీత చరిత్ర అని ఒక కొత్త పేపరు పెడుతున్నామని చెప్పాడు. పాఠ్యపుస్తకం ఎంపిక నాయన చూడాలి. మద్రాసు పుస్తకాల షాపు నుంచి రెండు పుస్తకాలు చూడడానికి తెప్పించి ఇచ్చాడు. ఒకటి ఇటుకంత లావుది, నున్నటి కాగితం, రంగు బొమ్మలు. రెండోది ఈ ఆకుపచ్చది. ప్రిన్సిపాలు ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న మనిషి, లావు పుస్తకం వైపే ఆయన మొగ్గు. "సెలవులయ్యాక కమిటీ ముందు మీ అభిప్రాయం చెప్పండి పంతులుగారూ. మీవల్ల కాదంటే ఇబ్బంది పడకండి, మద్రాసు నుంచి ఎవరినైనా పిలిపిద్దాం" అన్నాడట. మర్యాదగానే అన్నాడు. నాయన ఇంటికి వచ్చి ఆ మర్యాదను రెండు రోజులు నమిలాడు.

ఉద్యోగం పోతుందని కాదు ఆయన బాధ. ఆ సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ అమ్మతో అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఈ ఫిడేలు మనింటికి వచ్చిన కోడలు. యాడో సముద్రాల అవతల పుట్టింది. దాని పుట్టింటోళ్లు ఎవురో, ఏం తింటారో, ఎట్ల పాడతారో ఒక్కనాడు అడగకుండా ఇన్నేండ్లు కాపురం చేయించుకున్నా. ఇప్పుడు అడిగే రోజు వస్తే, ఇంగొకర్ని పిలుస్తామంటాడు."

"అడగండి, వద్దన్నదెవురు. ముందు అన్నం తినండి" అంది అమ్మ.

అడగడానికి దారి చూపింది ఒక ప్రమాదం. సెలవులు మొదలైన వారానికే నాయన నీళ్లగదిలో జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు తీసుకెళ్లి కట్టు వేయించాం. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, పైన గుడ్డ. ఎముక సంగతి ఎలా ఉన్నా, కోడిగుడ్డు గడప దాటి రావడం మా అమ్మకు తట్టుకోలేని దెబ్బ. కట్టు విప్పేదాకా వంటిల్లు, దేవుడి గది ఆయనకు లేవని తేల్చేసింది. చాప, దిండు, కూజా వసారాలోకి వచ్చేశాయి. అన్నం కూడా అక్కడికే. తెల్లవారుజామున రోజిన్ వాసన లేదు, ఫిడేలు లేదు. ఇల్లు కొత్త ఇల్లులా ఉండేది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నాయనకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడమే తెలుసు. అందుకని రోజూ ఎండ తగ్గాక వసారాలో కూర్చుని నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఆయన గోడకు ఆనుకుని వినేవాడు. గాలి ఇటు తిరిగితే గుడ్డు వాసన, అటు తిరిగితే పక్కింటివాళ్ల మల్లెపూల వాసన.

ముందు లావు పుస్తకం పట్టుకున్నాం. అందులో మనుషులకన్నా కాలాలు ఎక్కువ. ఈ శైలి పోయి ఆ శైలి ఎలా వచ్చింది, ఆ శైలికి లక్షణాలేమిటి అని పేజీలకు పేజీలు. నేను వాక్యం మధ్యలో ఉండగానే నాయన చెయ్యెత్తేవాడు. "అదంతా సరే అమ్మణ్ణీ. ఈయప్పకు గురువెవురు?" పుస్తకంలో ఉండేది కాదు. ఇంకో పేరు వచ్చేది. "ఈయన శిష్యులెవురు?" అదీ ఉండేది కాదు. ఒక సంగీతజ్ఞుడిని గురువు పేరు లేకుండా పరిచయం చేయడం నాయన దృష్టిలో తండ్రి పేరు చెప్పకుండా పెళ్లి సంబంధం తేవడం లాంటిది. నాలుగైదు రోజులు ఓపిక పట్టి, "ఈ పుస్తకం ఇంటి కొలతలు సెప్తా ఉండాది. ఇంట్లో ఉండేవాళ్లని సూపించడంలా" అని పక్కన పెట్టించాడు.

ఆకుపచ్చ పుస్తకంలో మనుషులు ఉన్నారు. జీవితమంతా చర్చి కొలువులో వాయిద్యం వాయించి, వారం వారం దేవుడికి కొత్త పాట కట్టిన ఒకాయన ఉన్నాడు. ఆయన కుర్రతనంలో ఇంకో ఊళ్లో ఉన్న పెద్ద విద్వాంసుడి వాయింపు వినడానికి రోజుల తరబడి నడిచి వెళ్లాడని, సెలవు దాటి అక్కడే ఉండిపోతే చర్చివాళ్లు సంజాయిషీ అడిగారని చదివాను. నాయన గోడ వదిలి ముందుకు వంగాడు. "నడిచి పొయినాడా? కొండకు పొయినట్లు?" అని మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత నవ్వు. "మన ఆఫీసోళ్లే ఆడా ఉండారు సూడు." ఆ రోజు నుంచి ఆయన మా ఇంట్లో నడిచినాయన. ఆయనకు ఇద్దరు భార్యల మీద ఇరవైమంది బిడ్డలని చదివినప్పుడు, గుమ్మంలో చాట పట్టుకుని నిలబడ్డ అమ్మ, "ఆ ఆడోళ్లు ఎప్పుడు నిద్రపొయ్యేవాళ్లో అది రాసినారా?" అని అడిగింది. రాయలేదు. "ఏం పుస్తకాలో" అంటూ లోపలికి పోయింది గానీ, మర్నాటి నుంచి బియ్యం ఏరే పని గుమ్మం దగ్గరికి మార్చుకుంది. చెవుడు వచ్చాక కూడా పాటలు కట్టిన జర్మనీ ఆయన కథ విన్న రోజు అమ్మ బియ్యం ఏరడం ఆపేసింది. నాయన తన కట్టు వైపు చూసుకున్నాడు.

అయినా ఒక చిక్కు మిగిలింది. ప్రతి అధ్యాయం చివర ఐదు గీతల మీద చీమలు పాకినట్టు ఒక పాట అచ్చువేసి ఉండేది. నాకూ తెలియదు, నాయనకూ తెలియదు. రికార్డులు కొని వినే తాహతు మాకు కాదు, వినిపించేవాళ్లెవరూ ఊళ్లో మాకు తెలియదు. "పిల్లను సూడకుండా జాతకం సూసి ఒప్పుకునేదెట్ల?" అన్నాడు నాయన. అప్పుడు గుర్తొచ్చాడు మస్తాన్ సాయిబు. ముహూర్తాల రోజుల్లో తిరుపతి సత్రాలకు వచ్చి ఊరేగింపుల్లో క్లారినెట్ వాయించేవాడు. ఒకసారి నాయన ఆయన చేతిలో ఇలాంటి చీమల కాగితం చూశాడు.

కట్టు చెయ్యి మెడలో తగిలించుకుని నాయన, పుస్తకం సంచిలో పెట్టుకుని నేను, చంద్రగిరి మీదుగా చిత్తూరు బస్సులో వెళ్లాం. దారి పొడవునా మామిడి తోటలు, ఊరు దగ్గరయ్యేసరికి మండీల నుంచి బెల్లం వాసన. సాయిబు అప్పుడు నడివయసు మనిషి, రంగేసిన మీసం, ఇంట్లో కూడా జరీ అంచు కోటు. ఐరాలలో పెళ్లి ముగించుకుని అప్పుడే వచ్చినట్టున్నాడు. నాయనను చూడగానే లేచి, ఎదురుకొట్టు నుంచి కొబ్బరి బోండాలు తెప్పించి, మా కళ్లెదుటే కొట్టించాడు. బయట నీళ్లు ముట్టని మా ఇళ్ల పద్ధతి ఆయనకు తెలుసు, ఆ విషయం మాటల్లోకి రానివ్వలేదు. పుస్తకం చూసి మీసం దువ్వుకున్నాడు.

"సామీ, నాకు తెలిసి ఈ జిల్లాలో ఇది సదివేవాళ్లు ఇద్దరు. ఒకరు మా అబ్బాజాన్, పోలీసు బ్యాండులో వాయించినాడు. ఆయన పొయినాడు. ఇంగొకడు మీ ముందర కూసోనుండాడు."

ఒక్కొక్క పాటే వాయించుకుంటూ వచ్చాడు. నాయన తొడ మీద తాళం వేస్తూ, కుడిచేత్తో అంచుల్లో స్వరాలు రాసుకున్నాడు. చెవిటాయన పాట దగ్గరికి వచ్చేసరికి పైన సన్నటి అక్షరాల్లో ఏవో ఇటలీ మాటలు ఉన్నాయి. అవి నా నిఘంటువులో దొరకలేదని చెప్పాను. సాయిబు చెయ్యి ఊపేశాడు. "పైన రాసిండేది మనకొద్దు పాపా. నోట్లు మా అబ్బాజాన్ నేర్పినాడు. నడక కాళ్లకే తెలుస్తాది." కుడికాలు నేలకు కొట్టి ఎత్తుకున్నాడు. పెళ్లికొడుకు గుర్రం ముందు నడిచే నడక. పంచమం మీద మొదలై పై షడ్జానికి ఎగబాకే ఆ పాట, గది గోడల మీది ఇత్తడినంతా గలగలలాడించింది. లోపల ఉయ్యాల్లో పడుకున్న పసిబిడ్డ లేచి ఏడవలేదు, కేరింత కొట్టాడు. ఆ బిడ్డే రహీం. నాయన పెన్ను ఆగిపోయింది. "కీరవాణి మాదిరి ఉండాది సాయిబూ. ఇంగొకసారి" అన్నాడు. సాయిబు మూడుసార్లు వాయించాడు, ప్రతిసారీ ఇంకొంచెం హుషారుగా. తిరుగు బస్సులో నాయన కిటికీ ఊచ మీద దాన్నే కొడుతూ వచ్చాడు. "సెవుడొచ్చిన మనిషి ఇంత సంతోషంగా ఎట్ల పాడినాడు అమ్మణ్ణీ" అని ఒకసారి అడిగి, మళ్లీ ఊచ మీదికి వేళ్లు పోనిచ్చాడు.

కట్టు విప్పిన మూడో రోజే కమిటీ. అమ్మ ఆయనకు తలంటి, దేవుడి గదిలోకి రానిచ్చింది. చెయ్యి ఇంకా బిగుసుగా ఉందని ఫిడేలు పెట్టె నేను మోసుకెళ్లాను, తలుపు పక్కన నిలబడ్డాను. ప్రిన్సిపాలు, మరో ఇద్దరు. లావు పుస్తకం బల్ల మధ్యలో ఉంది. నాయన ఆకుపచ్చది పక్కన పెట్టి, ఇది తీసుకుందామన్నాడు. ప్రిన్సిపాలు రెండు పేజీలు తిప్పి, చిన్నపిల్లల పుస్తకం పెడితే పైవాళ్లు నవ్వుతారన్నాడు. నాయన వాదించలేదు. చాప అడిగి, కింద కూర్చుని, ఫిడేలు మడమకు ఆనించాడు. నెలన్నర కదలని వేళ్లు. మొదటి స్వరం కొంచెం జారింది. తర్వాత నిలబడింది. ఆ తర్వాత సాయిబు నడక వచ్చి ఆయన వేళ్లలో చేరింది. నేను బల్ల కింద చూస్తున్నాను. రెండో ఆవర్తానికి ప్రిన్సిపాలు బూటు కదలడం మొదలుపెట్టింది.

"ఇది ఈ చిన్న పుస్తకంలో ఉండాది సార్. పిల్లోళ్లు వాయించొచ్చు. ఆ పెద్ద పుస్తకంలో ఇది కట్టినాయన శైలి గురించి ఆరు పేజీలు ఉండాది, పాట మాత్రం లేదు" అన్నాడు నాయన.

ప్రిన్సిపాలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లావుది లైబ్రరీకి కొందాం పంతులుగారూ. పాఠం మీరే చెప్పండి."

నాయన రిటైరయ్యేదాకా ఆ పాఠం ఆయనే చెప్పాడు. కార్వేటినగరం నాదస్వరం ఇళ్ల పిల్లలూ పుత్తూరు పిల్లలూ నడిచినాయన కథను సొంత ఊరి మనిషి కథలా పరీక్షల్లో రాశారు. చెవిటాయన పాట కళాశాల వార్షికోత్సవాల్లో ఆనవాయితీ అయింది. నా పెళ్లికి సాయిబు చిత్తూరు నుంచి మేళం తీసుకొచ్చి, ఎదురుకోలులో దాన్నే ఎత్తుకున్నాడు. మావైపు వాళ్లంతా అప్పటికే ఆ పాట తెలిసినవాళ్లు, పెళ్లికొడుకు వైపు వాళ్లు ఐదు నిమిషాల్లో నేర్చుకుని చిందులేశారు. రిటైరైన రోజు నాయన తన పుస్తకం తీసుకెళ్లి సాయిబుకు ఇచ్చి వచ్చాడు. "ఫిడేలు పుట్టింటోళ్లను మనింటికి తోడుకొచ్చినోడు ఆయనే" అన్నాడు.

తర్వాత కొన్నేళ్లకు నేను తిరుపతిలోనే ఒక దినపత్రిక డెస్కులో పని చేస్తున్నాను. ఒక సాయంత్రం ఆఫీసు టీవీలో ఎక్కడో విదేశంలో ఒక నాయకుడి అంతిమయాత్ర చూపిస్తున్నారు. దానికి శీర్షిక పెట్టడం నా పని. శవపేటిక వెనక సైనికుల బ్యాండు, అడుగు తీసి అడుగు వేయడానికి ఎంతో సేపు పట్టే నడక. ఆ పాట నాకు తెలుసు అనిపించింది, ఎక్కడిదో తెలియలేదు. మనసులో దాన్ని కొంచెం వేగంగా నడిపి చూశాను. పంచమం, పై షడ్జం. నా ఎదురుకోలు. దుఃఖసమయాల్లో వాయించడానికి వందేళ్లకు పైగా పేరుపడ్డ శోకగీతమని వ్యాఖ్యాత చెబుతున్నాడు. శీర్షిక వేరేవాళ్లు పెట్టారు.

మర్నాడు పుట్టింటికి వెళ్లాను. చెప్పాలా వద్దా అని దారంతా తర్కించుకున్నాను. ఆ పుస్తకం కమిటీలో గెలిచింది ఆ నడక వల్ల. ఇన్నేళ్ల పాఠం దాని మీద నిలబడింది. ఆయన జీవితంలో పట్టుబట్టి అడిగి తెచ్చుకున్నది ఆ ఒక్కటే. కానీ ఆయన ఫిడేలు గురించి ఆయనకు తెలియని సంగతి నాలోనే దాచుకోవడం నాకు చేతకాలేదు. వసారాలో కూర్చోబెట్టి చెప్పాను. "ఎంత మెల్లగా?" అన్నాడు ఆయన. ఆయన మోచేతి మీద తాళం వేసి చూపించాను. లేచి ఫిడేలు తెచ్చుకుని, వేళ్లకు నూనె రాసుకుని, ఆ నడకకు వాయించాడు. ఆ పాట మధ్యలో అంత ఖాళీ ఉందని నాకు అప్పుడే తెలిసింది. వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవురు పొయినారు?" అంది.

నాయన కమాను దించాడు. ఏడుస్తాడేమోనని నేను భయపడ్డాను, ఆయన నవ్వాడు, కళ్లలో నీళ్లతోనే. "సూడు, మీ అమ్మకు ఏ నిఘంటువూ అక్కర్లా." ఫిడేలు తలను అరచేత్తో నిమురుతూ కూర్చున్నాడు. "పుట్టింట్లో ఏడ్చిన పాట. మనింటికొచ్చి నవ్వింది. మనం ఏడిపించినామా అంటే, లేదు కదమ్మా."

సాయిబుకు చెప్పమంటావా అని అడిగాను.

"ఎందుకు? ఆ పాటతో ఎన్ని పెండ్లిండ్లు చేసినాడో. వాళ్లందరికీ ఇప్పుడు విడాకులిప్పిస్తావా?"

ఆ తర్వాత నాయన పొద్దున్నే ఆ పాటను రెండు నడకల్లోనూ వాయించుకునేవాడు. ముందు మెల్లగా, వెంటనే సాయిబు నడకలో. కూతురిని పుట్టింటికి పంపి మళ్లీ తోడుకొచ్చినట్టు. ఆయన పోయిన రోజు ఎవరూ ఏమీ వాయించలేదు, ఫిడేలు పెట్టెలోనే ఉంది.

ఇప్పుడు నా ఫోనులో ఆ పాట వేలు తాకిస్తే వస్తుంది. ఏ దేశం వాళ్లు వాయించింది కావాలంటే అది. ఒక్కొక్కరిది ఒక్కో వేగం, అందరూ గొప్పవాళ్లే. ఒక్క పాట వినడానికి ఒక పగలంతా బస్సులో పోయి రావడం అప్పట్లో మాకు పెద్ద సంగతిగా తోచలేదు. ఇప్పుడు సగం విన్నాక ఇంకో దాని మీదికి వేలు పోతుంది. తప్పు లేకుండా వినగలుగుతున్నాను, నిజమే. కానీ ఇన్నింటిలో ఏ ఒక్కటీ మూడుసార్లు వినలేదు.

రహీం సౌండు బాక్సుల వెనక నుంచి ఒక నల్లటి పెట్టె తీశాడు. అన్నీ అమ్మేసినా తండ్రి క్లారినెట్ ఉంచుకున్నాడట. ముక్కలు బిగించుకుని, పుస్తకంలో ఆ పేజీ నాచేత తెరిపించి పట్టించాడు గానీ, దానివైపు చూడలేదు. కుడికాలు నేలకు కొట్టి ఎత్తుకున్నాడు. అదే నడక. వీధిలో పోయే ఇద్దరు ఆగి లోపలికి తొంగిచూశారు. ముగించాక పెదవులు తుడుచుకుంటూ అడిగాడు. "చిన్నప్పటి నుంచి వాయిస్తా ఉండానక్కా. అబ్బాజాన్‌ను అడిగితే, సామిది అనేవాడు, అంతే. అసలు ఇది ఏం పాట?"

అంచులో నాయన స్వరాలు, పైన ఇప్పుడు నాకు అర్థం తెలిసిన ఆ సన్నటి ఇటలీ మాటలు నా చేతుల్లో తెరుచుకునే ఉన్నాయి.

"పెళ్లి పాట రహీం" అన్నాను. "నా పెళ్లికి మీ నాయన వాయించినాడు."